డీడీ 214లో మీ మెడల్ లేదా? బోర్డుకి రాసే ముందు ఇవి చూసుకోండి

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చిన వాళ్లందరూ డీడీ 214ని (సర్వీసు వివరాలు రాసి ఇచ్చే డిశ్చార్జ్ కాగితం) భద్రంగా దాచుకుంటారు గానీ, వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) హోమ్ లోన్‌కో ఉద్యోగంలో వెటరన్ ప్రిఫరెన్స్‌కో జిరాక్స్ తీయడానికి తప్ప దాన్ని పూర్తిగా చదివేవాళ్లు తక్కువ. ఒకసారి బాక్స్ 13 చదవండి. మెడల్స్, బ్యాడ్జీలు, క్యాంపెయిన్ రిబ్బన్లు రాసేది అక్కడే (పాత కాలం ఫారాల్లో బాక్సు నంబరు వేరేగా ఉంటుంది). ఏళ్ల తర్వాత ఎప్పుడో చదివి, ఇరాక్‌లో ఏడాది ఉన్నా ఇరాక్ క్యాంపెయిన్ మెడల్ ఎక్కలేదని చూసుకుని, ఆ కోపంలో నేరుగా కరెక్షన్ బోర్డుకి (సైనిక రికార్డుల్లో తప్పులు దిద్దే బోర్డు) అప్పీలు పంపేవాళ్లు ఉన్నారు. నెలలు గడిచాక వాళ్లకి వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: ముందు కింది ఆఫీసులో అడిగి, అక్కడ కాదంటేనే మా దగ్గరికి రండి.

మెడల్ ఎక్కకపోవడానికి కారణం మామూలుగా కుట్రేమీ కాదు. మీరు బయటికొచ్చే రోజున క్లర్కు ముందున్న ఫైల్లో ఏ కాగితం ఉంటే అదే 214 మీదికి ఎక్కుతుంది. మెడల్ ఇచ్చినట్టు చెప్పే ఆర్డర్ ఆలస్యంగా వచ్చినా, మిమ్మల్ని వేరే యూనిట్‌కి అటాచ్ చేసి పంపినా, గార్డ్ లేదా రిజర్వ్ నుంచి కొన్ని నెలలకే పిలిచినా కాగితం ఒక చోట, మీరు ఒక చోట. ఇంకో కారణం కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు: మీరు బయటికొచ్చిన నాటికి ఆ మెడలే పుట్టి ఉండకపోవచ్చు. కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్‌ని 2002లో చట్టం చేసి తెచ్చారు, కానీ అది 1954 జులై 28 నుంచీ కొరియాలో పనిచేసిన వాళ్లకి వర్తిస్తుంది, అంటే 1970ల్లో అక్కడ ఉండి వచ్చిన మనిషి 214 మీద అది ఉండే ప్రశ్నే లేదు, అడిగితేనే వస్తుంది. ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ క్యాంపెయిన్ మెడల్స్ కూడా 2004లో వచ్చినవే, అంతకు ముందే సర్వీసు ముగించిన వాళ్లు ఒకసారి చూసుకోవాలి.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది మీ మెడల్ ఏ రకానిది అని. దారి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కొన్ని మెడల్స్‌కి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఫలానా తేదీల్లో ఫలానా చోట ఉంటే చాలు. నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్ తీసుకోండి. 1950 జూన్ 27 నుంచి 1954 జులై 27 వరకు, 1961 జనవరి 1 నుంచి 1974 ఆగస్టు 14 వరకు, 1990 ఆగస్టు 2 నుంచి 1995 నవంబర్ 30 వరకు, 2001 సెప్టెంబర్ 12 నుంచి 2022 డిసెంబర్ 31 వరకు, ఈ నాలుగు కాలాల్లో యాక్టివ్ డ్యూటీలో సక్రమంగా పనిచేసినవాళ్లకి అది రావాలి. ఇరాక్ మెడల్‌కి 2003 మార్చి 19 నుంచి 2011 డిసెంబర్ 31 వరకు, ఆఫ్ఘనిస్తాన్ మెడల్‌కి 2001 అక్టోబర్ 24 నుంచి 2021 ఆగస్టు 31 వరకు ఉన్న కాలంలో వరసగా 30 రోజులో, విడివిడిగా కలిపి 60 రోజులో అక్కడ ఉండి ఉండాలి (అక్కడ గాయపడి తరలించినవాళ్లకి ఈ రోజుల లెక్క అడ్డురాదు). ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే డిప్లాయ్‌మెంట్‌ని చూపించి ఇరాక్ మెడల్, గ్లోబల్ వార్ ఆన్ టెర్రరిజం ఎక్స్‌పెడిషనరీ మెడల్ రెండూ అడగడం కుదరదు. ఉత్తరంలో రెండూ అడిగితే మీకు రూల్స్ తెలియవని వాళ్లకి అర్థమైపోతుంది, మిగతా అభ్యర్థన మీద కూడా అనుమానం వస్తుంది.

రెండో రకం, ఆర్డర్ ఇచ్చారు కానీ 214 మీద ఎక్కలేదు. ఆర్మీ కమెండేషన్ మెడల్, అచీవ్‌మెంట్ మెడల్ లాంటివి. ఆ ఆర్డర్ కాపీ మీ దగ్గర ఉంటే సగం పని అయిపోయినట్టే. మూడో రకం కష్టమైంది: కమాండర్ ఇస్తామన్నాడు, సిఫారసు రాశారో లేదో తెలియదు, ఆర్డర్ అయితే లేదు. బ్రాంజ్ స్టార్ విషయంలో ఇది ఎక్కువగా వినిపిస్తుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

రకం తేలాక ఫైలు తెప్పించుకోండి. 214 ఒక్కటే కాకుండా పూర్తి పర్సనెల్ ఫైలు, అంటే ఓఎంపీఎఫ్ అడగాలి. సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కి ఎస్‌ఎఫ్ 180 ఫారం పంపొచ్చు, లేదా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఈవెట్‌రెక్స్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారా అడగొచ్చు. ఈ మధ్య బయటికొచ్చిన వాళ్లయితే మిల్‌కనెక్ట్ అనే రక్షణ శాఖ సైట్‌లో కూడా చూడండి, చాలా కాగితాలు అక్కడే దొరుకుతాయి. వెటరన్ తనే అడిగితే మామూలుగా డబ్బు తీసుకోరు. చనిపోయిన వెటరన్ తరఫున అయితే మళ్లీ పెళ్లి చేసుకోని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అడగొచ్చు, మరణ ధ్రువపత్రం జత చేయాలి. మనవళ్లు ఈ జాబితాలో లేరు. అయితే సర్వీసు ముగిసి 62 ఏళ్లు దాటిన ఫైళ్లు ఎవరైనా అడగొచ్చు, ఫీజు మాత్రం ఉంటుంది.

ఫైలు కాలిపోయిందని జవాబొస్తే కంగారు పడొద్దు. 1973 జులై 12న ఆ సెంటర్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. 1912 నవంబర్ 1 నుంచి 1960 జనవరి 1 మధ్య బయటికొచ్చిన ఆర్మీ వాళ్లవి దాదాపు 80 శాతం, 1947 సెప్టెంబర్ 25 నుంచి 1964 జనవరి 1 మధ్య బయటికొచ్చిన ఎయిర్ ఫోర్స్ వాళ్ల ఫైళ్లలో (అక్షర క్రమంలో హబ్బర్డ్ అనే పేరు తర్వాతవి) 75 శాతం అందులో ఉన్నాయి. అలాంటప్పుడు ఎన్ఏ 13055 అనే ఫారం నింపితే, ఆఖరి జీతం వోచర్లు, యూనిట్ మార్నింగ్ రిపోర్టుల లాంటి వేరే కాగితాల నుంచి సర్వీసు వివరాలు మళ్లీ కూర్చే ప్రయత్నం చేస్తారు. యూనిట్ పేరు కంపెనీ స్థాయి దాకా, నెలలతో సహా రాస్తే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక అసలు పని, ఆధారాలు. మీరు అక్కడ ఎంత కష్టపడ్డారో నాలుగు పేజీలు రాసినా అది ఆధారం కాదు, తేదీ ఉన్న ఒక్క ప్రభుత్వ కాగితం దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. డిప్లాయ్‌మెంట్ ఆర్డర్స్ దొరక్కపోతే జీతం కాగితాలు చూడండి. ఆ నెలల ఎల్ఈఎస్‌లో (జీతం చీటీ) హోస్టైల్ ఫైర్ లేదా ఇమ్మినెంట్ డేంజర్ పే, కంబాట్ జోన్ ట్యాక్స్ మినహాయింపు కనిపిస్తాయి. పాత డబ్ల్యూ-2ల్లో (ఏడాది జీతం, పన్ను చూపే ఫారం) బాక్స్ 12 దగ్గర క్యూ అనే కోడ్ ఉంటే అది పన్ను లేని కంబాట్ పే. దాన్ని ఎవరూ దాచుకోవాలని దాచుకోరు, ట్యాక్స్ ఫైళ్లలో అదే పడి ఉంటుంది. పే కాగితాలు ఒక్కోసారి చోటు పేరు చెప్పవు, కాబట్టి వాటికి తోడుగా ట్రావెల్ వోచర్, అక్కడి క్లినిక్‌లో చూపించుకున్న రికార్డు, అక్కడి యూనిట్ రాసిన ఎవాల్యుయేషన్, ఏదో ఒకటి జోడించాలి. 214లోనే బాక్స్ 18 రిమార్క్స్‌లో దేశం పేరు, తేదీలు రాసి ఉండి బాక్స్ 13లో మెడల్ లేకపోతే మీ అదృష్టం, వాళ్ల కాగితమే మీ సాక్షి.

తోటి సైనికుల వాంగ్మూలాలు పనికొస్తాయి, కానీ అందరూ ఒకే మాట ఒకేలా రాస్తే విలువ పోతుంది. తను ఏ యూనిట్‌లో, ఏ హోదాలో ఉన్నాడు, తన కళ్లతో ఏం చూశాడు, ఎప్పుడు, ఇవి రాసి, అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న మాటతో సంతకం, తేదీ పెట్టాలి. పర్పుల్ హార్ట్ అయితే గాయం శత్రువు చర్య వల్లే అయిందని, దానికి వైద్యం జరిగిందని రెండూ చూపించాలి, ఎక్కువ దరఖాస్తులు ఈ రెండింట్లో ఒకదాని దగ్గరే ఆగిపోతాయి. వియత్నాం కాలం వాళ్లకి ఒక మంచి సంగతి: ఏ యూనిట్‌కి ఏ సైటేషన్ (యూనిట్ మొత్తానికి ఇచ్చే గౌరవం) వచ్చిందో ఆర్మీ ప్రచురించిన డీఏ పాంఫ్లెట్ 672-3లో ఉంది, మీ యూనిట్, మీ తేదీలు అందులో పడితే మీరు వేరే ఏమీ నిరూపించక్కర్లేదు.

ఇప్పుడు దిద్దమని అడగండి. ఏ సర్వీసు వాళ్లు ఏ ఆఫీసుకి రాయాలో ఎస్‌ఎఫ్ 180 ఫారంతో వచ్చే పట్టికలో ఉంటుంది, బయటికొచ్చిన తేదీని బట్టి కూడా అది మారుతుంది, కాబట్టి పాత స్నేహితుడు పంపిన అడ్రసుకి కాకుండా ఆ పట్టికలోదానికే పంపండి. ఉత్తరం ఒక్క పేజీ చాలు: ఏ మెడల్, ఏ తేదీలు, ఏ యూనిట్, ఏ ఆధారం ఏ నంబరుతో జత చేశారు. ఒరిజినల్స్ పంపొద్దు. వాళ్లు ఒప్పుకుంటే 214ని కొత్తగా రాయరు, సాధారణంగా డీడీ 215 అనే సవరణ కాగితం ఇస్తారు. మొదటి రెండు రకాల మెడల్స్ చాలా వరకు ఇక్కడే తేలిపోతాయి.

కుదరదన్నారా, అప్పుడు బోర్డు. ఫారం డీడీ 149. పేరు దగ్గరగా ఉందని డీడీ 293 పట్టుకోకండి, అది డిశ్చార్జ్ స్థాయిని మార్చమని అడిగేది. ఆర్మీకి ఒక బోర్డు, నేవీ, మెరైన్లకి కలిపి ఒకటి, ఎయిర్ ఫోర్స్, స్పేస్ ఫోర్స్‌కి ఒకటి, కోస్ట్ గార్డ్‌కి వేరే. తప్పు మీ దృష్టికి వచ్చిన మూడేళ్లలోపు పెట్టాలన్నది చట్టం, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువుని పక్కన పెట్టగలదు. ఆలస్యం అయి ఉంటే ఎందుకయిందో సూటిగా రాయండి, ఖాళీగా వదలొద్దు. కింది ఆఫీసు కాదన్న ఉత్తరం తప్పకుండా జత చేయండి.

బోర్డు మొదట రికార్డు సరిగ్గానే ఉందని అనుకుంటుంది. కాదని చూపించే బరువు మీ మీదే. మధ్యలో సర్వీసు వాళ్ల అభిప్రాయం తెప్పించుకుంటే ఆ కాపీ మీకూ పంపుతారు, జవాబు రాయడానికి గడువిస్తారు. దయచేసి ఆ గడువు వదులుకోకండి. సగం కేసులు అక్కడ మౌనంగా ఉండటం వల్లే పోతాయని నా అనుమానం. స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం అరుదు, కాగితాల మీదే తేలుస్తారు. చట్టం ప్రకారం 90 శాతం కేసులు 10 నెలల్లో, అన్నీ 18 నెలల్లో తేల్చాలి. ఓడిపోయినా కొత్త ఆధారం దొరికితే మళ్లీ చూడమని అడగొచ్చు. పేర్లు తీసేసిన పాత తీర్పులు ఆన్‌లైన్లో ఉంటాయి, మీలాంటి కేసు ఒకటి రెండు చదివితే వాళ్లకి ఏ కాగితం కావాలో ఇట్టే తెలుస్తుంది.

సిఫారసే లేని మెడల్ విషయానికొస్తే, గడువు దాటిన సిఫారసుని పరిశీలించడానికి అమెరికా చట్టాల్లో సైన్యానికి సంబంధించిన 10వ టైటిల్‌లో సెక్షన్ 1130 ఉంది, అది కాంగ్రెస్ సభ్యుడి ద్వారానే కదలాలి. అప్పటి కమాండర్, లేదా జరిగింది స్వయంగా తెలిసిన ఆఫీసర్ ఇప్పుడు సిఫారసు రాసి సంతకం పెట్టాలి (ఆర్మీలో దానికి డీఏ 638 ఫారం), సాక్షులు కావాలి. మీ జిల్లా ప్రతినిధి ఆఫీసులో ప్రైవసీ రిలీజ్ (మీ వివరాలు చూడటానికి అనుమతి) సంతకం చేస్తే వాళ్లు ఫైలు పంపుతారు. వాళ్లు ఒత్తిడి చేసి మెడల్ ఇప్పిస్తారనుకోకండి, నిర్ణయం సర్వీసు వాళ్లదే.

ఇదంతా ఒక రిబ్బన్ కోసమా అని ఇంట్లో అడుగుతారు. పర్పుల్ హార్ట్ ఉంటే వీఏ వైద్యంలో ప్రయారిటీ గ్రూప్ 3 కింద చేరుస్తారు, కంబాట్ బ్యాడ్జీ ఉంటే పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల వల్ల వచ్చే మానసిక సమస్య) క్లెయిమ్‌లో యుద్ధంలో ఉన్నారని విడిగా రుజువు చేసుకునే తిప్పలు తగ్గుతాయి. డబ్బు తీసుకుని చేసిపెడతామనే వాళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ లాంటి వెటరన్ సంఘాల సర్వీస్ ఆఫీసర్లు, కౌంటీ వెటరన్స్ ఆఫీసు ఉచితంగా చూస్తారు.

డీడీ 215 చేతికొచ్చాక మెడల్ పేరు, పక్కన ఉండాల్సిన స్టార్లు సరిగ్గా ఉన్నాయో చూసి, ఇక నుంచి 214 ఎక్కడ ఇచ్చినా దాన్ని కలిపే ఇవ్వండి. మెడల్ విడిగా వస్తుంది, ఆలస్యం కావొచ్చు. విదేశీ ప్రభుత్వం ఇచ్చిన కొన్ని, ఉదాహరణకి రిపబ్లిక్ ఆఫ్ వియత్నాం క్యాంపెయిన్ మెడల్, రికార్డులో ఎక్కించినా అమెరికా ప్రభుత్వం పంపదు, బయట కొనుక్కోవాల్సిందే.