క్వాడ్రాట్‌తో మొక్కల వైవిధ్యం లెక్కించడం ఎలా

క్వాడ్రాట్ అంటే నేల మీద పెట్టి, లోపల ఉన్న మొక్కలను లెక్కించే చదరపు చట్రం. గడ్డి, చిన్న మొక్కలకైతే 1 మీ × 1 మీ చట్రం చాలు. పొదలకు 5 మీ, చెట్లకు 10 మీ భుజంతో చదరం తీసుకోవడం పరిపాటి. నాలుగు పీవీసీ పైపులను ఎల్బోలతో బిగిస్తే చట్రం తయారు. లోపలి కొలత సరిగ్గా మీటరు ఉండాలి. ఎల్బోలు కలిపే అదనపు పొడవును చాలామంది మరిచిపోతారు, దాంతో వైశాల్యం తప్పుతుంది.

అసలు చిక్కంతా చట్రం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. వెనక్కి తిరిగి విసిరేస్తే యాదృచ్ఛికం అయిపోదు. చెయ్యి తెలియకుండానే నడవడానికి వీలైన చోటికే విసురుతుంది. స్థలం రెండు అంచుల వెంట టేపులు పరిచి, కాలిక్యులేటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యల జతతో చోటు నిర్ణయించండి. అక్కడ ముళ్లున్నా సరే, మార్చకూడదు.

వేరు చట్రం లోపల ఉన్న మొక్కనే లెక్కించండి, కొమ్మ వాలినా లెక్కలోకి రాదు. వేరు అంచు మీద పడితే, పక్కపక్కనే ఉన్న రెండు భుజాల మీదివి లెక్కలో కలిపి, మిగతా రెండింటివి వదిలేయండి. పేరు తెలియని జాతికి ‘జాతి 1’ అని రాసి ఫొటో తీస్తే చాలు, పీకక్కర్లేదు.

ఒక జాతి 10 చట్రాల్లో 4 చోట్ల మాత్రమే, మొత్తం 40 మొక్కలుగా దొరికిందనుకోండి. సాంద్రత (మొత్తం మొక్కలు ÷ మొత్తం చట్రాలు) చట్రానికి 4, పౌనఃపున్యం (ఆ జాతి దొరికిన చట్రాల శాతం) 40 శాతం, సమృద్ధి (మొత్తం మొక్కలు ÷ ఆ జాతి దొరికిన చట్రాలు) 10. సమృద్ధి ఇంత ఎక్కువగా ఉండి, పౌనఃపున్యం ఇంత తక్కువగా ఉందంటే ఆ మొక్క గుంపులుగా పెరుగుతోందని అర్థం.

ఎన్ని చట్రాలు వేయాలి? కొత్త జాతులు దొరకడం దాదాపు ఆగేవరకు.