టెక్సాస్‌లో ఇంటి విలువ మీద ప్రొటెస్ట్: బల్లకు అవతలి వైపు నుంచి

ఏప్రిల్‌లో ఆస్తి పన్ను కోసం ఇంటికి కట్టిన విలువ చెప్పే అప్రైజల్ నోటీసులు రాగానే డాలస్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకటే గోల, "ఇంత పెంచేశారేంటండీ?" అని. నేను కొన్నేళ్ళు ఆ విలువలు కట్టే ఆఫీసులో, అంటే ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో, అప్రైజర్‌గా పనిచేశాను. విలువ ఎక్కువైందని ప్రొటెస్ట్ వేస్తే జరిగే హియరింగ్‌లో ఏ మాట నిలబడుతుందో, ఏది గాలికి పోతుందో దగ్గరుండి చూసినవాణ్ణి.

ముందు నోటీసులో మార్కెట్ విలువ, పన్ను లెక్కకు తీసుకునే అప్రైజ్డ్ విలువ రెండూ చూడండి. హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉంటున్న ఇంటికిచ్చే మినహాయింపు) ఉన్న ఇంటికి రెండోది ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. అలా ఆగి అది 5 లక్షల డాలర్ల దగ్గర ఉంటే, మార్కెట్ విలువను 6 లక్షల నుంచి 5.7 లక్షలకు దించినా ఈ ఏడాది బిల్లు ఒక్క డాలరు తగ్గదు. హియరింగ్ కోసం ఊరికే సెలవు పెట్టుకోకండి.

ప్రొటెస్ట్ వేయడానికి గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు. ఏది తర్వాత వస్తే అది. ఫారంలో "మార్కెట్ విలువ కంటే ఎక్కువ", "ఇతర ఇళ్ళతో పోలిస్తే అసమానం" అనే రెండు కారణాలకూ కలిపి ఉన్న గడికి టిక్కు పెట్టండి. దాంతోపాటే డిస్ట్రిక్ట్ వాళ్ళ ఎవిడెన్స్ ప్యాకెట్, అంటే హియరింగ్‌లో వాళ్ళు చూపించబోయే కాగితాలు, అడగండి. హియరింగ్‌కు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి; అడిగినా ఇవ్వని కాగితాన్ని వాళ్ళు హియరింగ్‌లో వాడుకోవడానికి లేదు.

ప్యాకెట్ వచ్చాక మొదట వైశాల్యం సరిచూడండి. మీ ఇంట్లోకి ఎవరూ వచ్చి చూడలేదు. బయటి కొలతలతో స్కెచ్ గీసి, వీధులకు వీధులు ఒకే మోడల్‌లో వేసి విలువ కడతారు. మన వాళ్ళు ఇష్టపడి కొనే ఎత్తు సీలింగ్ ఫ్యామిలీ రూమ్ ఉంది చూశారూ, దాని పైనున్న ఖాళీని కూడా రెండో అంతస్తు వైశాల్యంలో కలిపేసిన స్కెచ్‌లు ఉంటాయి. బిల్డర్ ఫ్లోర్ ప్లాన్ పట్టుకెళ్తే అక్కడ వాదనే ఉండదు, దిద్దేస్తారు.

తర్వాత ఇంటి స్థితి. లెక్కలోకి వచ్చేది జనవరి 1న ఇల్లు ఎలా ఉందన్నదే. ఫౌండేషన్ పగులుకు అంతకు ముందు తీసిన ఫోటో, కాంట్రాక్టర్ రాసిచ్చిన ఎస్టిమేట్ బంగారం. ఏప్రిల్ వడగళ్ళకు రూఫ్ పోయిందంటే మాత్రం ఈ ఏడాది విలువలోకి రాదు. ఇల్లు ఈమధ్యే కొని, వాళ్ళు వేసిన విలువ కంటే తక్కువకే వచ్చి ఉంటే క్లోజింగ్ కాగితాలు చూపించండి. ఎక్కువకు కొన్నారా? ఇక్కడ అమ్మకం ధర చెప్పాలన్న చట్టం లేదు, మాట్లాడకుండా ఉండండి.

చాలామంది ముందు అప్రైజర్‌తో జరిగే మాటల్లోనే సెటిల్ అవుతారు. అతని మీద అరవకండి. టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖలో నమోదై, అయిదేళ్ళలో కోర్సులు, పరీక్షలు ముగించి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన ఉద్యోగం అది. పైన కంప్‌ట్రోలర్ (రాష్ట్ర ఖజానా చూసే అధికారి) ఆఫీసు రెండేళ్ళకోసారైనా స్కూల్ డిస్ట్రిక్టుల పరిధిలోని ఆస్తుల విలువలను అమ్మకాలతో పోల్చి చూస్తుంది. మరీ తక్కువ కట్టారని తేలితే స్కూళ్ళకు వచ్చే రాష్ట్ర నిధులకే ఎసరు. అందుకే అతను జాలిపడి తగ్గించలేడు, కాగితం చూపిస్తే తగ్గిస్తాడు.

కుదరకపోతే హియరింగ్ జరిపి తేల్చే రివ్యూ బోర్డు. అందులోని సభ్యులు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు, మీలాంటి స్థానికులే. కంప్‌ట్రోలర్ శిక్షణ పూర్తి చేశాకే హియరింగ్‌లో కూర్చుంటారు. పన్ను రేటు వాళ్ళ చేతిలో లేదని ఆ శిక్షణలోనే చెప్తారు. "పన్ను కట్టలేకపోతున్నాం" అన్న మాట ఎంత నిజమైనా రాసుకోరు. అసమానం వాదనకు మీ సబ్‌డివిజన్‌లో అదే సైజు, అదే వయసు ఇళ్ళు కొన్ని తీసుకుని, తేడాలు సర్ది, మధ్యస్థ విలువ చూపించండి. చదరపు అడుగు రేటు ఒక్కటే పట్టుకుంటే చిన్న ఇళ్ళతో పోల్చి దెబ్బ తింటారు.

అప్రైజర్ ప్రవర్తన బాగాలేకపోతే టీడీఎల్ఆర్‌కు రాయవచ్చు. విలువ మాత్రం వాళ్ళు మార్చరు. హియరింగ్ జరిగిన తీరు మీద అభ్యంతరమైతే, పెద్ద కౌంటీల్లో ఆ ఫిర్యాదులు తీసుకునే టాక్స్‌పేయర్ లైజాన్ ఆఫీసర్ ఉంటారు.

బోర్డు ఆర్డర్ కూడా నచ్చకపోతే 60 రోజుల్లో కోర్టుకు గానీ ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) గానీ వెళ్ళవచ్చు. 5 లక్షల డాలర్ల లోపు హోమ్‌స్టెడ్‌కు ఆర్బిట్రేషన్ డిపాజిట్ 450 డాలర్లు. తీర్పులోని విలువ బోర్డు అంకె కంటే మీ అంకెకు దగ్గరగా ఉంటే 50 డాలర్లు మినహాయించుకుని మిగతాది వెనక్కి ఇస్తారు.