సాలీళ్లను గుర్తుపట్టడం – 3వ పాఠం: వల అల్లని వేటగాళ్లు

పోయిన పాఠంలో గూటిని చూసి సాలీడు పేరు చెప్పడం నేర్చుకున్నాం. కాళ్లు రెండేసి జతచేసి గుణకారం గుర్తులా, తలకిందులుగా వల మధ్యలో కూర్చున్నది ఆర్జియోపీ. గడ్డిపరకకు పొడుగ్గా అతుక్కుపోయి తానూ పరకేనని నమ్మించేది టెట్రాగ్నాతా. సగం పని గూడే చేసిపెట్టేది. ఈసారి ఆ ఊతం లేదు. తోటలో, పచ్చికలో తిరిగే సాలీళ్లలో చాలావాటికి వేట కోసం వల ఉండదు. దారం మాత్రం అన్నింటికీ ఉంటుంది, దాన్ని వేరే పనులకు వాడుకుంటాయి.

ముందుగా ఒక అలవాటు మానుకోవాలి: రంగు చూసి పేరు పెట్టడం. నా మొదటి నోటుపుస్తకంలో ఒకే పూలమొక్క కింద 'తెల్ల సాలీడు', 'పసుపు సాలీడు' అని రెండు పేజీలున్నాయి. రెండూ ఒకే రకం పీత సాలీడు. వాటిలో కొన్ని జాతులు కూర్చున్న పువ్వును బట్టి కొద్ది రోజుల వ్యవధిలో తెలుపు నుంచి పసుపుకు, మళ్లీ తెలుపుకు మారగలవు. ఆ రెండు పేజీల్లోనూ మారకుండా ఉన్నది ఒకటే, కూర్చున్న తీరు. ముందరి రెండు జతల కాళ్లు పొడుగ్గా, బార్లా చాచి, కౌగిలికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటాయి. నడిస్తే పీతలా పక్కకు నడుస్తుంది. కాబట్టి ఎక్కడ ఉంది, ఎలా కూర్చుంది, కళ్లు ఎలా అమరాయి అన్న వరుసలోనే చూడండి. రంగు ఆఖరున రాసుకున్నా నష్టం లేదు.

దూకే సాలీడును గుర్తుపట్టడం అన్నింటికన్నా సులువు, ఎందుకంటే అదే మిమ్మల్ని చూస్తుంది. ముఖం మీద నాలుగు కళ్లు ఒకే వరుసలో, మధ్యలోని రెండూ కారు దీపాలంత పెద్దగా ఉంటాయి. జానెడు దూరంలో వేలిని నెమ్మదిగా పక్కకు జరపండి, ఒళ్లంతా తిప్పి వేలికి ఎదురు తిరుగుతుంది. దూకేముందు పొట్ట చివరను ఆకుకు ఒక్క క్షణం ఆనిస్తుంది. అదే దారం అతికించడం. గురి తప్పితే ఆ దారానికే వేలాడి పైకి వస్తుంది. ఆ గంతు బలమంతా కండలది కాదు, వెనుక కాళ్లలోకి ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో నెట్టి వాటిని చాచుతుంది.

పొదల మీద కాళ్ల నిండా నిలువుగా లేచిన ముళ్లతో, చురుగ్గా ఆకు నుంచి ఆకుకు గెంతేది లింక్స్ సాలీడు. కళ్లు ఆరు మూలలుగా అమరి ఉంటాయి. ముళ్లు కనబడితే చాలు, ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఆగవలసింది తోడేలు సాలీడు దగ్గర. పగలు నేలరంగులో కలిసిపోయి కాలికింద పడేదాకా కనిపించదు. రాత్రి మాత్రం దాక్కోవడం కుదరదు. టార్చిని నుదుటికి ఆనించి, కంటి పక్కనే ఉండేలా పట్టుకుని పచ్చిక మీదుగా వెలుగు పారించండి. దాని కళ్ల వెనుక అద్దంలాంటి పొర ఉంది, అది వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. టార్చిని నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు మీ చేతికి చేరుతుంది కానీ కంటికి కాదు. నేను మొదటి రెండు రాత్రులు ఏమీ చూడకుండా తిరిగొచ్చింది ఇందుకే.

మెరిసేదంతా సాలీడు కాదు, మంచుబిందువులు కూడా మోసం చేస్తాయి. మంచుబిందువు మీరు తల కదిపితే తళుకులు మారుస్తుంది. కన్ను సూదిమొనంత చుక్కగా, నీలంపచ్చగా, నిలకడగా ఉంటుంది. అనుమానం వస్తే టార్చిని మూరెడు పక్కకు జరపండి. చుక్క టక్కున ఆరిపోతే అది కన్నే. ఇప్పుడు వెలుగును దాని మీదనే నిలిపి, నెమ్మదిగా దగ్గరికి వెళ్లి కూర్చోండి. కింద వరుసలో నాలుగు చిన్న కళ్లు, వాటిపైన ముందుకు చూసే రెండు పెద్దవి, ఇంకా వెనక్కి మరో రెండు ఉంటాయి. ఈ అమరిక కనబడితే పేరు రాసేయవచ్చు.

తల్లి దొరికితే అదృష్టమే. గుండ్రని గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక వీపెక్కి రోజుల తరబడి అక్కడే ఉంటాయి, దూరం నుంచి తల్లికి బొచ్చు మొలిచినట్టు కనిపిస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. దాదాపు ఇలాగే ఉండే మరో సాలీడు కూడా గడ్డిలో సంచి మోస్తుంది, కానీ వెనుక కాదు, కోరలతో పట్టుకుని ఒంటి కింద. పిల్లలు బయటికొచ్చే వేళకు ఆకుల మధ్య డేరాలాంటి గూడు అల్లి కాపలా కాస్తుంది. సంచి వెనుక ఉంటే తోడేలు సాలీడు, కోరల్లో ఉంటే డేరా సాలీడు అని గుర్తుంచుకోండి. సంచిని లాగి చూడాలన్న సరదా వద్దు. తల్లి దానికోసం వెతుకుతూ తిరుగుతుంది, మనకు కొత్తగా తెలిసేదీ ఉండదు.

ఈ వారం అభ్యాసం: మూడు రాత్రులు ఒకే పచ్చికలో ఇరవై అడుగులు నడిచి, ఎన్ని కళ్ల జతలు మెరిశాయో రాయండి. పగలు ఒక పువ్వును ఎంచుకుని, పావుగంట కదలకుండా చూడండి. తేనెటీగ వాలబోయి ఎందుకో పక్కకు తప్పుకుంటే రేకుల అంచున వెతకండి. వేటినీ చేత్తో పట్టకండి. చాలావాటితో మనిషికి ప్రమాదం లేదు గానీ, పట్టుకున్న సాలీడు తన మామూలు నడవడిక ఏదీ చూపించదు.

వచ్చే పాఠం పిల్ల సాలీళ్ల గాలి ప్రయాణం. 1832లో బీగిల్ ఓడ తీరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉండగా, తాళ్ల మీద వాలిన లెక్కలేనన్ని చిన్న సాలీళ్లను డార్విన్ చూశాడు. అవి అక్కడికెలా వచ్చాయో తెలుసుకోవడానికి ఓడ అక్కర్లేదు. గాలి మెల్లగా వీచే ఉదయాన గడ్డి కొసలను గమనించండి, కాళ్ల మొనల మీద లేచి పొట్ట పైకెత్తిన పిల్ల ఒక్కటి కనిపించినా రాసి ఉంచండి.