వనామీ తల్లి రొయ్యలు తెప్పించుకోవాలంటే: హేచరీలకు దరఖాస్తు విధానం

చెరువులో బాగా ఎదిగిన వనామీ రకం రొయ్యల్ని ఏరి, వాటితోనే పిల్ల తీయిస్తే సరిపోదా అని కొత్తగా హేచరీ, అంటే రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే కేంద్రం, పెట్టేవాళ్లు అడుగుతుంటారు. సరిపోదు, నిబంధనలూ ఒప్పుకోవు. ఒకే చెరువులోవి చాలావరకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. వాటిని జత కడితే తరం తరానికీ ఎదుగుదల తగ్గుతుంది. పైగా చెరువులో అంటిన జబ్బు తల్లి నుంచి పిల్లకు దిగుతుంది.

మంచి తల్లి రొయ్యకు వంశవృక్షం ఉంటుంది. మేలైన తల్లుల్ని ఎంపిక చేసే కేంద్రాల్లో ఒక్కో కుటుంబానికీ రంగు ట్యాగు వేస్తారు. ఈత కాలి నుంచి చిన్న ముక్క కత్తిరించి డీఎన్‌ఏ చూస్తారు. బరువంటే తూకం వేసి తెలుసుకోవచ్చు, మరి జబ్బును తట్టుకునే గుణమో? తల్లిగా ఉంచుకోవాల్సిన రొయ్యకు వైరస్ ఎక్కించి చూడలేం కదా! దాని తోబుట్టువుల మీద పరీక్షించి, ఆ ఫలితాన్ని డీఎన్‌ఏ గుర్తులతో కలిపి ఎంచుకుంటారు. ఇన్నేళ్ల శ్రమ పాడుకాకుండా మన హేచరీ దాకా రావడానికే ఈ అనుమతులన్నీ.

మొదట చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరప్రాంత రొయ్యల, చేపల పెంపకాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) దగ్గర హేచరీని రిజిస్టర్ చేయించాలి. ఈ అథారిటీకి సంబంధించిన 2005 నాటి చట్టాన్ని 2023లో సవరించాక హేచరీలతో పాటు తల్లి రొయ్యల పెంపకం కేంద్రాలూ స్పష్టంగా దీని కిందికి వచ్చాయి. భూమి పత్రాలు, లేఅవుట్ ప్లాన్, సముద్రపు నీరు తోడే చోటు, వాడిన నీరు శుద్ధి చేసే ఏర్పాటు సిద్ధంగా ఉంచుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు శుద్ధి ట్యాంకును తప్పకుండా అడుగుతారు. చాలామంది దాన్ని చివరికి వాయిదా వేస్తారు. నన్నడిగితే ముందు అదే కట్టండి.

తర్వాత తల్లి రొయ్యల దిగుమతికి అథారిటీ అనుమతి తీసుకోవాలి. సరఫరాదారు అథారిటీ ఆమోదించిన జాబితాలో ఉండాల్సిందే. అడ్వాన్సు కట్టే ముందే ఆ జాబితా చూసుకోండి. ఆపైన కేంద్ర మత్స్యశాఖ నుంచి శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ (జబ్బులు రాకుండా చూసే దిగుమతి అనుమతి), చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో గది బుకింగ్. ఈ కేంద్రాన్ని రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడుపుతుంది. గది ఖరారయ్యాకే విమానం తేదీ పెట్టుకోండి. పర్మిట్‌లో ఉన్న సరఫరాదారు పేరు, రొయ్యల సంఖ్య సరుకుతో వచ్చే ఆరోగ్య ధ్రువపత్రంలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. సరుకు విమానంలో ఉన్నాక తప్పు బయటపడితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

రొయ్యలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో, థర్మోకోల్ పెట్టెల్లో వస్తాయి. కొమ్ము సంచికి గుచ్చుకోకుండా ఒక్కోదాని కొమ్ముకూ చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. క్వారంటైన్‌లో ఒక హేచరీ సరుకు ఇంకొకదానితో కలవకుండా విడి గదిలో ఐదు రోజులు ఉంచి, తెల్లమచ్చ వంటి జబ్బులకు పీసీఆర్ పరీక్షలు (జబ్బు క్రిముల జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్షలు) చేస్తారు. జబ్బు తేలితే ఆ సరుకును నాశనం చేస్తారు. లక్షల రూపాయల సరుకు కాబట్టి బాధగానే ఉంటుంది. కానీ అవి బయటికొస్తే మునిగేది వందల చెరువులు.

దిగుమతి వద్దనుకుంటే, ఇక్కడే అనుమతి ఉన్న పెంపకం కేంద్రాల్లో పెరిగిన తల్లి రొయ్యల్ని కొనుక్కోవచ్చు.

క్వారంటైన్ నుంచి విడుదల పత్రం అందాక ఏ బ్యాచ్ తల్లులు ఎప్పుడొచ్చాయి, వాటి పిల్ల ఎవరికి వెళ్లింది అన్నది రిజిస్టర్‌లో రాస్తూ ఉండండి. పిల్ల కొనే రైతు మీ రిజిస్ట్రేషన్ నంబరు, పీసీఆర్ రిపోర్టుతో పాటు ఆ రిజిస్టర్ కూడా అడిగితే వెంటనే చూపించండి.