నులిపురుగుల మందులు – 5వ పాఠం: ప్రాజిక్వాంటెల్, అంతకుముందు ఆల్బెండజోల్ బాకీ

ఈసారి ప్రాజిక్వాంటెల్ మొదలుపెట్టాలి. కానీ నాలుగో పాఠం చివరి లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ఆ బాకీ తీర్చకుండా ముందుకెళ్లడం కుదరదు.

లెక్క ఇదీ: 52 కిలోల మనిషి, మెదడులో బతికున్న తిత్తులు రెండు (పంది బద్దె పురుగు, అంటే టేప్‌వర్మ్, పిల్ల దశ తిత్తులు). ఆల్బెండజోల్ కిలోకు రోజుకు 15 మి.గ్రా. చొప్పున రెండు పూటలుగా ఇవ్వాలి. పూటకెంత? చాలామంది 52 × 15 = 780 కట్టి, పూటకు 780 అని రాశారు. 780 అన్నది రోజు మొత్తానికి. దాన్ని రెండుగా పంచితే 390. మాత్ర 400 మి.గ్రా.ది కాబట్టి పూటకు ఒకటి, 10 నుంచి 14 రోజులు. మీ లెక్క ప్రకారం రోజుకు 1560 అవుతుంది. రోజుకు 1200 మించకూడదని పోయిన పాఠంలోనే ఉంది. ఆ గీటు ఒక్కసారి చూసుకున్నా తప్పు అక్కడే దొరికేది. నా అడ్డదారి: బరువును ఏడున్నరతో గుణించండి, నేరుగా పూట డోసు వస్తుంది. పంచడం మర్చిపోయే ప్రమాదమే ఉండదు.

మరికొందరు '400 ఒక్కసారి చాలు' అన్నారు. అది ఏలికపాములకు, కొంకి పురుగులకు ఇచ్చే డోసు. కొరడా పురుగుకైతే అదీ తరచూ చాలదు, మూడు రోజులు వేయాల్సి వస్తుంది. మందు పేరు ఒకటే అయినా పురుగు పేగులో ఉందా, కండలోనో కాలేయంలోనో మెదడులోనో ఉందా అన్నదాన్ని బట్టి డోసూ, రోజులూ, ఎలా మింగాలన్నదీ అన్నీ మారిపోతాయి.

ఆ 'ఎలా మింగాలి' దగ్గరే నాకు చిరాకు. సగానికి పైగా జవాబుల్లో 'పరగడుపున' అని ఉంది. పురుగుల మందు అనగానే పరగడుపున అని రాసే అలవాటు ఎక్కడిదో గానీ, ఈ రోగికి మాత్రం అది మందును పారబోయడమే. ఆల్బెండజోల్ నీళ్లలో దాదాపు కరగదు. ఖాళీ కడుపున మింగితే చాలా కొద్ది భాగమే పేగు దాటి లోపలికి పోతుంది. లోపలికి పోయినదాన్ని కాలేయం ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌గా మారుస్తుంది. రక్తంలో తిరిగి మెదడులోని తిత్తి దాకా చేరి పనిచేసేది ఈ సల్ఫాక్సైడే. సుమారు 40 గ్రాముల కొవ్వున్న భోజనంతో మింగితే రక్తంలో దాని మోతాదు పరగడుపున కంటే ఐదు రెట్ల దాకా పెరుగుతుంది. అంటే చీటీలో డోసు సరిగ్గా ఉండి, రోగి ఒక్క పూట కూడా మానకుండా వేసుకుని, అయినా తిత్తికి చేరాల్సినంత మందు చేరకపోవచ్చు. తర్వాత స్కానులో తిత్తి అలాగే కనిపిస్తే 'మందు పనిచేయలేదు' అంటారు. మందును మార్చేముందు దేనితో మింగారో అడగండి. కాలేయంలో హైడాటిడ్ తిత్తులు (కుక్క బద్దె పురుగు పిల్ల దశవి) ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు 28 రోజులు వేసి 14 రోజులు ఆపుతూ మూడు విడతలు వాడతారు. ప్రతి విడత ముందూ, మధ్యలో రెండు వారాలకోసారీ కాలేయ పరీక్ష, రక్తకణాల లెక్క చూడాలి. పేగులోని పురుగులకైతే మందు పేగులో ఉంటేనే పని జరుగుతుంది, కాబట్టి తిన్నా తినకపోయినా పెద్ద తేడా లేదు.

ఇంకొక్కటి. మెదడులో తిత్తులుంటే స్టెరాయిడ్ ముందు, పురుగు మందు తర్వాత. చచ్చే తిత్తి చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు. మెదడులో ఇప్పటికే ఒత్తిడి పెరిగి ఉంటే ముందు దాన్ని తగ్గించాలి. కంట్లో తిత్తి లేదని చూడకుండా మొదలుపెట్టకూడదు. ఇదంతా ఆసుపత్రిలో జరిగే పని. ఇక్కడ మనం నేర్చుకుంటున్నది చీటీ చదివి లెక్క సరిచూడటం వరకే.

ఇక ప్రాజిక్వాంటెల్. ఇది బద్దె పురుగులకు, రక్తనాళాల్లో ఉండే షిస్టోసోమాలకు, మిగతా ఆకు పురుగుల్లో చాలా రకాలకు పనిచేస్తుంది. పురుగు కణాల్లోకి కాల్షియం ఒక్కసారిగా చొరబడేలా చేస్తుంది. కండరాలు బిగుసుకుపోతాయి, పై పొర చిట్లుతుంది, పట్టు వదిలేస్తుంది. ఏలికపాములు, కొంకి పురుగుల మీద దీన్ని వాడరు. ఆకు పురుగుల్లోనూ ఒక మినహాయింపు ఉంది: కాలేయపు ఫాసియోలాకు ఇది పనికిరాదు, దానికి ట్రైక్లాబెండజోల్ కావాలి.

600 మి.గ్రా. మాత్రను చేతిలోకి తీసుకుని చూడండి. పొడుగ్గా ఉండి, అడ్డంగా మూడు గీతలుంటే విరిస్తే నాలుగు ముక్కలవుతుంది, ముక్కకు 150 మి.గ్రా. పిల్లల డోసు ఈ ముక్కల్లోనే కట్టాలి. 18 కిలోల పిల్లవాడికి షిస్టోసోమా మాన్సోనై ఉంటే కిలోకు 40 చొప్పున 720. ఒక మాత్ర, ఒక ముక్క, 750. సరిపోతుంది. పెద్దవాళ్లకు అడ్డదారి: బరువును 15తో భాగిస్తే మాత్రల సంఖ్య. 60 కిలోలకు నాలుగు. ఊరందరికీ ఒకేసారి పంచేటప్పుడు తూకం బదులు ఎత్తు కొలిచే కర్ర వాడతారు: 94 సెం.మీ. నుంచి ఒక మాత్రతో మొదలై 178 దాటితే ఐదు.

షిస్టోసోమాల్లో జపానికం రకానికి రోజుకు కిలోకు 60, భాగాలుగా. మళ్లీ అదే ఉచ్చు, పంచకుండా పూటపూటా 60 రాయకండి.

మందు మహా చేదు. నమలనివ్వకండి, నోట్లో ఉంచుకోనివ్వకండి, వాంతి తప్పదు. భోజనంతో, నీళ్లతో గబుక్కున మింగాలి. షిస్టోసోమాల్లో ఇది ఎదిగిన పురుగులనే చంపుతుంది, పిల్ల పురుగులు మిగిలిపోతాయి. అందుకే ఈమధ్యే సోకినవాళ్లకు కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇస్తారు. రిఫాంపిసిన్ (క్షయ మందు) వాడుతున్నవాళ్లకు ఇవ్వకూడదు, రక్తంలో మందు నిలవదు. ఫిట్స్ మందులైన ఫినిటాయిన్, కార్బమజెపైన్ కూడా దీన్ని తగ్గిస్తాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సంగతి విచిత్రం: ప్రాజిక్వాంటెల్‌ను తగ్గిస్తుంది, ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌ను పెంచుతుంది.

పేగులో బద్దె పురుగుకు కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. ఒక్కసారి చాలు. అయితే పంది బద్దె పురుగు మోసే మనిషి మెదడులో తెలియని తిత్తులుంటే, ఇంత చిన్న డోసుకే ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. దొరికితే నేను నిక్లోసమైడ్ అనే మరో పురుగు మందు వైపే మొగ్గుతాను: పెద్దలకు 2 గ్రాములు, బాగా నమిలి. పేగు దాటి రక్తంలోకి దాదాపు పోదు, మెదడు జోలికి వెళ్లదు.

అభ్యాసం. ఒక్కటే, కానీ తీరిగ్గా చేయండి. 85 కిలోల మనిషి, మెదడు కణజాలంలో ఐదు తిత్తులు. ఆల్బెండజోల్ రోజుకు కిలోకు 15, రెండు పూటలు. ప్రాజిక్వాంటెల్ రోజుకు కిలోకు 50, మూడు పూటలు. డెక్సామెథసోన్, ఫినిటాయిన్ ఇప్పటికే నడుస్తున్నాయి. పూటకు ఏ మందు ఎన్ని మాత్రలు, ఎన్ని ముక్కలు? రోజు గరిష్ఠం ఎక్కడ తగిలింది? ఏ మందు ఏ మందును పెంచుతోంది, ఏది తగ్గిస్తోంది? దేనితో మింగాలో కూడా రాయండి. 'పరగడుపున' అని కనిపిస్తే మిగతా జవాబు చదవను.