పాత పికప్‌కు కొత్త ఛాసిస్: చక్రాన్ని అడిగి క్యాబిన్ కూర్చోబెట్టండి

మా షెడ్డులో ఉన్నది 1951 నాటి షెవర్లే 3100. గుండ్రటి బానెట్, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, వెనుక తొట్టెలో చెక్క పలకలు. చూడటానికి ఎంత ముచ్చటో నడపడానికి అంత పరీక్ష. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, 6 వోల్టుల కరెంటు, గేరుబాక్సు నుంచి ఇరుసు దాకా గొట్టంలో మూసేసిన షాఫ్టు. వంపు రోడ్డు మీద స్టీరింగ్ తిప్పితే, నా మాట విన్నదీ లేనిదీ బండికి తోచినప్పుడే తెలిసేది. అందుకే దాని క్యాబిన్‌నూ తొట్టెనూ 1998 నాటి చిన్న పికప్ షెవర్లే ఎస్-10 ఛాసిస్ మీద, అంటే బాడీనంతా మోసే కింది చట్రం మీద పెట్టాను. నిజానికి రెండుసార్లు పెట్టాను. మొదటిసారి వెల్డింగ్ చేసిన మౌంట్లన్నీ, అంటే క్యాబిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే ఆధారాలన్నీ కోసి పారేయాల్సి వచ్చింది. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ముందుగా ఒక మాట. అన్ని భాగాలూ అసలువే ఉండి, చక్కగా నడుస్తున్న పాత బండి మీ దగ్గరుంటే దాని జోలికి పోకండి. ఛాసిస్ తుప్పుపట్టి విరిగినదో, ఇంజిన్ ఎప్పుడో మాయమైనదో అయితేనే ఈ పనికి తగినది. అలాగే రంపం పట్టుకోక ముందే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడగండి: ఇలా కలిపిన బండిని క్యాబిన్ నంబరుతో లెక్కిస్తారా, ఛాసిస్ నంబరుతోనా? ఒక్కో చోట ఒక్కో పద్ధతి. క్యాబిన్ లేదా ఛాసిస్ గుర్తింపు నంబరున్న పలకను ఒక దాని నుంచి ఊడదీసి ఇంకో దానికి అతికించడం మాత్రం చాలా చోట్ల నేరం.

ఛాసిస్ ఇచ్చే బండిని ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు ఉన్న దూరం. 3100కు అది 116 అంగుళాలు. ఎస్-10లో చిన్న క్యాబిన్, పొట్టి తొట్టె రకానికి 108.3, అదే క్యాబిన్‌తో పొడుగు తొట్టె రకానికి 117.9, పెద్ద క్యాబిన్ రకానికి 122.9. పెద్ద క్యాబిన్ బండ్లు సులువుగా దొరుకుతాయి, కానీ దాదాపు ఏడు అంగుళాలు కోసి మళ్లీ అతకాలి. ఛాసిస్‌కు రెండు పక్కలా పొడవునా ఉండే పట్టాలను కోసి కలపడం చేయి తిరిగిన వెల్డర్ పని. నాకంత ధైర్యం లేదు కాబట్టి 117.9 రకం తెచ్చుకున్నాను. మిగిలిన 1.9 అంగుళాల కోసం వెనుక స్ప్రింగులను పట్టుకునే హ్యాంగర్లను అంతే ముందుకు జరిపి, గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును అంతే కురచ చేయించి బ్యాలెన్స్ చేయించాను.

వీలైతే నడుస్తున్న బండినే కొనండి. రెండు వారాలు నడిపి చూడండి. గేరుబాక్సు ఎక్కడ తడబడుతోంది, ఏ బేరింగ్ మోత పెడుతోంది అన్నది అప్పుడే తెలుస్తుంది. వైరింగ్, ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు పంపు, పెడళ్లు అన్నీ ఒకే బండివి కావడం ఎంత ఉపకారమో చివర్లో అర్థమవుతుంది.

ఎస్-10 బాడీ విప్పేముందు ఒక పని మరచిపోవద్దు. బండి నాలుగు చక్రాల మీద, సమతలంగా ఉన్న నేల మీద నిలబడి ఉండగానే ఛాసిస్ పట్టాలు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. ప్రతి చక్రం దగ్గరా ఇరుసు మధ్య నుంచి పట్టా దాకా ఎంత దూరమో కూడా రాయండి. బాడీ తీసేస్తే బరువు తగ్గి స్ప్రింగులు పైకి లేస్తాయి. ఆ లేచిన ఛాసిస్ మీద కొలతలు వేస్తే రేపు బండి కిందికి దిగాక అవన్నీ తప్పుతాయి. నేనైతే ఆ అంకెలను సుద్దతో షెడ్డు గోడ మీదే రాశాను. బాడీ తీశాక ఛాసిస్‌ను స్టాండ్ల మీద సరిగ్గా ఆ ఎత్తులకే నిలబెట్టాను.

పాత క్యాబిన్ విషయంలో తొందర పనికిరాదు. డెబ్బై ఏళ్ల రేకు అది, కింది అంచులు తుప్పుకు తినేసి ఉంటాయి. విప్పి ఎత్తగానే తలుపు సందు వెడల్పవుతుంది, ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా తలుపు సరిగా పడదు. అందుకే ఎత్తకముందే తలుపు సందుల్లో అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి ఇనుప గొట్టాలు తాత్కాలికంగా వెల్డింగ్ చేయండి. తలుపులు చక్కగా మూసుకుంటున్నాయని చూసుకున్నాకే ఆ గొట్టాలు వేయాలి.

ఇక నా తప్పు. మొదటిసారి క్యాబిన్‌ను ఛాసిస్ మీద దించి, అది ఎక్కడ చక్కగా ఆనిందో అక్కడే మౌంట్లు అతికాను. ఉత్సాహంతో, చుక్కలు (తాత్కాలికంగా అక్కడక్కడా వేసే చిన్న వెల్డింగ్) పెట్టి ఆగకుండా పూర్తిగా వెల్డింగ్ చేసేశాను. మర్నాడు మడ్‌గార్డులు బిగించాం. నాకు అంతా బాగానే కనిపించింది. మా బాబాయి మాత్రం ముందు చక్రం ఎదురుగా గొంతుకూర్చుని, మడ్‌గార్డు అంచుకూ టైరుకూ మధ్య వేళ్లు పెట్టి చూశారు. “ఒరేయ్, ఈ చక్రం నీ బండిదేనా? వెనక్కి నక్కి కూర్చుందేమిటి?” అన్నారు. టేపు పెట్టి కొలిచాను. టైరుకు ముందు వైపు ఖాళీ నాలుగు ముప్పావు అంగుళాలు, వెనుక వైపు రెండుంపావు. అంటే చక్రం అంగుళంపావు వెనక్కి ఉంది. అంగుళంపావే కదా అనిపిస్తుంది. కానీ ఈ బండికి అందమంతా ఆ ఉబ్బిన మడ్‌గార్డు నడిమధ్యలో చక్రం నిలబడటంలోనే ఉంది. గ్రైండర్‌తో మౌంట్లు కోయడానికే రెండు రోజులు పట్టింది.

రెండోసారి చేసిన పద్ధతి ఇది. రేడియేటర్ సపోర్టు, రెండు మడ్‌గార్డులు, బానెట్ అన్నీ ముందే క్యాబిన్‌కు బిగించి ఒకే ముద్దగా చేశాం. దాన్ని ఛాసిస్ మీద చెక్క దిమ్మల మీద దించాం. మడ్‌గార్డు అంచులు ఇరుసు ఎత్తులో ముందూ వెనుకా ఎక్కడ ఉన్నాయో చూసి, వాటి మధ్య బిందువును గుర్తించాను. అక్కడ దారానికి కట్టిన బరువు గుండు వేలాడదీస్తే అది ఇరుసు నడిమధ్యకు రావాలి. వచ్చేదాకా ఆ ముద్దను ముందుకూ వెనక్కూ జరిపాం. తర్వాత ఛాసిస్ మధ్య గీత నుంచి రెండు మడ్‌గార్డుల అంచులకూ ఒకే దూరం ఉందో లేదో చూశాం. ఆ తర్వాత ఒక వైపు ముందు మూల నుంచి అవతలి వైపు వెనుక మూలకు ఐమూలగా కొలిచి, రెండో వైపు నుంచీ అలాగే కొలిచి, రెండూ సమానంగా వచ్చేలా సరిచేశాం. ఎత్తు సంగతి చిట్టచివర.

ఈ కొలతలన్నీ కుదిరాక చెక్క దిమ్మల స్థానంలో మౌంట్లు తయారు చేయాలి. నేను మూడు పదహారో వంతు అంగుళం మందం రేకు వాడాను, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. ముందు చుక్కలే పెట్టండి. క్యాబిన్ దించి, ఎత్తి, మళ్లీ దించి, తలుపులు మూసి చూసి, అప్పుడు పూర్తి చేయండి. క్యాబిన్‌కూ ఇనుముకూ మధ్య రబ్బరు బుష్‌లు తప్పనిసరి. ఛాసిస్ పట్టా పై అంచుకూ కింది అంచుకూ అడ్డంగా వెల్డింగ్ గీత వేయకండి, పగులు అక్కడే మొదలవుతుంది. నిలువు పక్కన, పట్టా పొడవునా వేయండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు, ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్గు ఊడదీయాలి. పెట్రోలు ట్యాంకు షెడ్డులోనే ఉండకూడదు.

తొట్టె సులువు. క్యాబిన్‌తో సందు సమానంగా ఉందా, వెనుక చక్రం మడ్‌గార్డు మధ్యలో ఉందా, ఈ రెండే. వెనుక ఇరుసు మీద ఛాసిస్ పైకి వంగి ఉంటుంది కాబట్టి నా చెక్క పలకలను కొంచెం పైకి లేపాల్సి వచ్చింది. పాత పలకల కొలత పట్టుకుని ముందే కొత్తవి కోయించకండి.

బ్రేకుల దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. పాత బండిలో పెడల్ నేలలోంచి పైకి వస్తుంది, ఎస్-10లో పైనుంచి వేలాడుతుంది. ఎస్-10 పెడల్, తొక్కే బలాన్ని పెంచే బూస్టర్, బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ కలిపి మొత్తంగానే వాడాను. అయితే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలా ఉండే పాత ఫైర్‌వాల్ రేకు పలచన. తొక్కితే రేకే వంగి, పెడల్ మెత్తగా అనిపిస్తుంది. వెనుక మందపాటి పలక వేసి, డాష్‌బోర్డు దాకా ఒక ఊతకడ్డీ ఇవ్వాలి. నేల కింద మాస్టర్ సిలిండర్ పెట్టుకునేవాళ్లకు ఇంకో సంగతి: అది చక్రాల దగ్గర డిస్కును పట్టే కాలిపర్ల కన్నా కిందికి ఉంటే ద్రవం వెనక్కి జారుతుంది. దాన్ని ఆపే రెసిడ్యువల్ వాల్వులు డిస్కులకు 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి), డ్రమ్ములకు 10 పీఎస్ఐ రకం పెట్టాలి.

స్టీరింగ్ షాఫ్టులో, వంపులోనూ తిరగనిచ్చే యూనివర్సల్ జాయింట్లు రెండు సరిపోతే మంచిది. మూడు పెడితే మధ్యలో షాఫ్టును పట్టుకునే బేరింగ్ కావాలి, లేకపోతే తాడులా ఊగుతుంది. జాయింట్ల చెవులు ఒకే వరుసలో ఉండాలి.

పాత పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనకే ఉండేది. దాన్ని ఏ సంకోచం లేకుండా తీసేయండి. ఎస్-10 ట్యాంకునూ దాని లోపలి పంపునూ ఛాసిస్ మీద ఉన్నచోటే ఉంచి, పెట్రోలు పోసే మూతిని తొట్టె నేలలోకి తెచ్చాను. వైరింగ్ 12 వోల్టులకు మారింది కాబట్టి పాత మీటర్లనూ దీపాలనూ అలాగే కలిపితే కాలిపోతాయి.

చక్రాల దగ్గర ఒక చిన్న నిరాశ. 3100 చక్రానికి ఆరు బోల్టులు, రెండు చక్రాలకే ఇంజిన్ శక్తి అందే ఎస్-10కు ఐదు. పాత చక్రాలు ఎక్కవు. పైగా ఎస్-10 ఇరుసు వెడల్పు తక్కువ, చక్రాలు మడ్‌గార్డుల లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. చక్రాన్ని బయటికి జరిపే మందపాటి స్పేసర్లు నాకు నచ్చవు. ఆఫ్‌సెట్ (చక్రం లోపలికో బయటికో జరిగి ఉండే కొలత) సరిపోయే చక్రాలు కొన్నాను. బండి పూర్తిగా తయారై నేల మీద నిలిచాకే కొలిచి కొనండి.

మొదటి 150 కిలోమీటర్ల తర్వాత మౌంట్ల బోల్టులన్నీ మళ్లీ బిగించాను. రబ్బరు కుదురుకుని మూడు వదులయ్యాయి. పాత ఛాసిస్‌ను కాగితాల పని ముగిసేదాకా అమ్మవద్దు, నంబరు చూపించమని అడగవచ్చు. నాది ఇంకా షెడ్డు వెనుకే ఉంది. బాబాయి దాని మీద పూలకుండీలు వరుసగా పెట్టేశారు.