క్రోషియా నేర్చుకుందాం – 8వ పాఠం: సంచిలో ఉండిపోయిన అల్లిక

ఈసారి కొత్త డిజైన్ ఏమీ లేదు. అయిదో పాఠంలో చదరం అల్లడం మొదలుపెట్టాం, ఆరులో మూలలు సరిచేసుకున్నాం, ఏడులో రంగు మార్చడం చూశాం. ఈపాటికి మీలో కొందరి అల్లిక సంచిలోకి, సంచి బీరువా అడుగుకి వెళ్లిపోయే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ‘ఆరంభశూరత్వం’ అంటే అననివ్వండి. ఈ పాఠం ఆ సంచి కోసమే.

ఉత్సాహం పోయింది అంటాం గానీ, అది ఊరికే పోదు. అల్లికలో ఎక్కడో ఒకచోట చెయ్యి తగులుకుంటుంది. లెక్క తప్పడమో, దారం అయిపోవడమో, మనకి బొత్తిగా ఇష్టంలేని పని ఎదురవడమో. మర్నాడు చూద్దాంలే అని పక్కన పెడతాం, ఆ మర్నాడు రాదు. కాబట్టి రేపటినుంచి రోజూ గంట కూర్చుంటానని ఒట్టు పెట్టుకునే ముందు, ఎక్కడ ఆగిందో చూసుకోవాలి. ఈ పాఠంలో నేర్చుకోబోయేది అదే.

నా సంగతే చెబుతాను. డబ్బా టీవీ ఉన్న రోజుల్లో దాని మీద కప్పడానికి తెల్ల గుడ్డ మొదలుపెట్టాను. 10 నంబర్ నూలు, 1.5 మి.మీ. కొక్కెం సూది, మధ్యనుంచి బయటికి ఏడు చుట్లుగా పెరిగే చదరాలు. అడ్డం 9, నిలువు 7, మొత్తం 63. ఒక్కోటి 10 సెంటీమీటర్లు. 31 అయ్యాయి. ఈలోగా మా ఇంటికి గోడకి తగిలించే టీవీ వచ్చింది. దాని మీద గుడ్డేమిటి, ఈగ కూడా నిలవదు. అల్లిక ఆగిపోయింది. ఎవరడిగినా “టీవీయే లేదుగా, ఇంకెందుకు” అనేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత, సెలవులకి వచ్చిన మా పిన్ని ఆ సంచి విప్పింది. పిన్నిది నరసాపురం పక్క పల్లె, చిన్నప్పటినుంచీ లేసు అల్లిన చెయ్యి. చదరాలన్నీ మంచం మీద పరిచి, ఒకదాన్ని తిప్పి చూసి, “ఇదేమిటే, కొసలన్నీ అలా వదిలేశావు? ఎప్పటికప్పుడు కలుపుకుంటూ పోవద్దూ?” అంది. చూస్తే నిజమే. ప్రతి చదరానికీ మొదట్లో ఒక దారపు కొస, చివర్లో ఒకటి. 31 చదరాలకి 62 తోకలు. అల్లడం బాగుంది కాబట్టి అల్లుకుంటూ పోయాను. వాటిని కుట్టుసూదిలోకి ఎక్కించి వెనక దాచడం విసుగు కాబట్టి చివర్లో చూద్దామనుకున్నాను. టీవీ వచ్చి కాపాడింది గానీ, నేను ఆగింది ఆ తోకల దగ్గరే.

ఇప్పుడు మీ సంచి తీయండి. పగటి వెలుతురులో, పాత దుప్పటి పరిచి దాని మీద. రాత్రి ట్యూబ్‌లైటు కింద తెలుపులో తేడా తెలియదు. సూది అల్లికలోనే ఉండిపోయి ఉంటే ముందు దాన్ని తీసి, లూప్‌కి పిన్నీసు పెట్టండి. ఉక్కు సూది తేమకి తుప్పు పడితే ఆ మరక నూలుకి అంటుకుంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సగంలో ఉన్న చదరం ఎన్నో చుట్టులో ఆగిందో మరిచిపోయారా? ఏదైనా ఒక పక్క అంచు చూడండి. ఆ అంచున మూడేసి ట్రెబుళ్ల (పొడవు కుట్ల) గుత్తులు ఎన్ని ఉంటే అన్నో చుట్టు. నాలుగు గుత్తులుంటే నాలుగో చుట్టు. నాలుగు పక్కలా లెక్కపెట్టండి. ఒక పక్క అయిదు, మిగతావి నాలుగు ఉంటే అయిదో చుట్టు మధ్యలో లేచారన్నమాట. ఒక పక్క మూడే వచ్చి, మిగతా మూడు పక్కలా నాలుగొస్తే ఎక్కడో గుత్తి వదిలేశారు. చాలామంది మానేసింది ఇక్కడే అయి ఉంటుంది: తప్పు ఉందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. ఆ చుట్టు విప్పేయండి. కాసేపటి పని పోతుంది, అంతకంటే ఏమీ పోదు.

ఇంకో మాట, వీడియోలు చూసి తిరిగి మొదలుపెట్టేవాళ్లకి. మనం మొదటినుంచీ బ్రిటిష్ పేర్లు వాడుతున్నాం. మన ట్రెబుల్‌ని అమెరికావాళ్లు డబుల్ క్రోషే అంటారు. వాళ్ల మాట విని మన డబుల్ వేస్తే చదరం సగం ఎత్తుకే వచ్చి గట్టిగా బిళ్లలా తయారవుతుంది. చెయ్యి మరిచిపోయాననుకుని మళ్లీ సంచిలో పెట్టేస్తారు.

లెక్క అయ్యాక, పాత చదరాల జోలికి పోకుండా రెండు కొత్తవి అల్లండి. చాలా రోజులు ఆగిన చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. నా మొదటిది 9.4 వచ్చింది, పాతవేమో 10. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. తొమ్మిది చదరాల వరుసకి అది అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. రెండోది 9.6. అప్పుడు సూది 1.75 కి మార్చాను, 9.8 వచ్చింది. ఆ మాత్రం తేడా తడిపి సాగదీస్తే సర్దుకుంటుంది. ఆ మొదటి రెండూ ఇప్పుడు కాఫీ కప్పుల కింద ఉన్నాయి.

దారం సంగతి. కొత్తగా కొన్న ఉండ పాతదానితో కలవదు. అదే కంపెనీ, అదే నంబర్ అయినా సరే, లాట్ (ఒకేసారి తయారైన విడత) వేరైతే తెలుపులో కూడా పాలతెలుపు, సున్నం తెలుపు అని రెండుంటాయి. నాకు దుకాణంలో “ఒకటేనమ్మా” అన్నారు. ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే ఒకటి కాదు. ఉండ మీది చీటీలో లాట్ నంబర్ ఉంటుంది, కొన్న రోజే కాగితం మీద రాసి సంచిలో వేసుకోండి. నేను రాసుకోలేదు.

ఇక్కడే నాకు దారి దొరికింది. 63 చదరాల్ని చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి రెండు రకాలుగా పరిస్తే, ఒక రకానివి 32, రెండో రకానివి 31 వస్తాయి. నా పాతవి సరిగ్గా 31! పాతవన్నీ ఒక గడి విడిచి ఒక గడిలో పెట్టి, ఖాళీల్లో కొత్తవి వేస్తే తెలుపులో తేడా తప్పులా కనిపించదు, కావాలని చేసినట్టే ఉంటుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. అలా పరిచినప్పుడు ప్రతి కొత్త చదరానికీ చుట్టుపక్కలవన్నీ పాతవే. కాబట్టి కొత్తదాని చివరి చుట్టు అల్లేటప్పుడే పాతవాటికి తగిలించేయవచ్చు. విడిగా అతుకుపని ఉండదు.

ఎలాగంటే, ఏడో చుట్టులో మూల దగ్గర మామూలుగా మూడు చెయిన్లు (గొలుసు కుట్లు) వేస్తాం. దాని బదులు ఒక చెయిన్ వేసి, పక్కనున్న పాత చదరం మూల సందులోకి సూది పెట్టి ఒక స్లిప్ స్టిచ్ (ఎత్తు లేకుండా అతికే కుట్టు), మళ్లీ ఒక చెయిన్. అంచు పొడవునా గుత్తికీ గుత్తికీ మధ్య వేసే ఒక్క చెయిన్‌కి బదులు పాత అంచులోని ఎదురు సందులోకి స్లిప్ స్టిచ్. రెండు చదరాలూ మంచిముఖం పైకి ఉండేలా పట్టుకోండి. మొదటిసారి చేతులు నాలుగున్నా చాలవనిపిస్తుంది. మూడోసారికి అలవాటవుతుంది.

తోకల విషయం కూడా తేల్చేద్దాం. మొదటి కొసని నాలుగు చెయిన్ల రింగు వెంబడి పడుకోబెట్టి, మొదటి చుట్టులోని 12 ట్రెబుళ్లూ దాని మీదుగా అల్లండి. తర్వాత కొస లాగితే మధ్య రంధ్రం కూడా బిగుస్తుంది. అంతే, సగం తోకలు పుట్టకముందే పోయాయి. చివరి కొసని చదరం పూర్తవగానే, లేవకముందే, మొన మొద్దుగా ఉన్న కుట్టుసూదితో వెనక ట్రెబుళ్లలోకి ఒక వైపు, మళ్లీ ఎదురు వైపు పోనిచ్చి కత్తిరించండి. పాత చదరం తోకలు మాత్రం అది అతకాల్సిన రోజునే దాచండి. 62 ఒకే రోజు పెట్టుకుంటే మళ్లీ బీరువానే.

పిన్నిని అడిగాను, మీ ఊళ్లో ఇలా సగంలో ఆపేవాళ్లు లేరా అని. నవ్వింది. అక్కడ ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుతారు. పువ్వు అల్లినావిడ మొత్తం గుడ్డని చూడకపోనూ వచ్చు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన పని, ఇప్పుడు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న పని, విదేశాలకి వెళ్లే పని. కానీ డబ్బులు ముక్కల లెక్కన. “ఉత్సాహం ఉంటే అల్లుతామా, ఉండకపోతే మానతామా” అంది. మన బాధ తీరిక ఉన్నవాళ్ల బాధ అని ఆ మాటతో అర్థమైంది. అయినా వాళ్ల పద్ధతిలో ఒకటి మనం తీసుకోవచ్చు: ఒక పూట ఆరు చుట్ల వరకూ అల్లడమే, ఇంకో పూట ఏడో చుట్టుతో అతకడమే. రెండూ ఒకే పూట పెట్టుకోకండి.

టైము కూడా లెక్కేసి చూడండి, భయం తగ్గుతుంది. నాకు ఒక చదరానికి 40 నిమిషాలు. 32 కి 1,280 నిమిషాలు, అంటే 21 గంటల 20 నిమిషాలు. రోజుకు అరగంట అయితే 43 రోజులు. ‘ఎప్పటికవుతుందో’ అనే దిగులు కాస్తా నెలన్నరకు లోపే వచ్చి ఆగింది. ఆ నెలన్నర కూడా పెట్టలేననుకుంటే చిన్నది చేసేయండి. 25 చదరాలుంటే అయిదు అయిదులు, బల్ల మధ్యకి సరిపోతుంది. టీవీ గుడ్డగా మొదలైంది టీవీ గుడ్డగానే ముగియాలని ఎక్కడా లేదు. నాది టీపాయ్‌కి పోతోంది. ఎటూ చేయబుద్ధి కాకపోతే విప్పి, దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, తడిపి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెట్టండి. మెలికలు పోతాయి. అదీ పని పూర్తి చేయడమే, నా లెక్కలో.

ఇంటిపని: మీ చదరాలు లెక్కపెట్టి, ఒకటి కొలిచి, ఆగిన చోట ఏముందో ఒక్క వాక్యంలో చీటీ రాసి సంచికి పిన్నీసుతో పెట్టండి. తర్వాత కొత్తవి రెండు అల్లి, రెండోదాన్ని పాత చదరానికి ఒక్క అంచున తగిలించి చూడండి.

వచ్చే పాఠం గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టడం. దాన్ని నా టీపాయ్ గుడ్డ మీదే చూపిద్దామని ఉంది. ఇంకా 11 చదరాలు మిగిలాయి, కాబట్టి ఆ పాఠం ఒక వారం అటూ ఇటూ అవుతుంది.